ఎడమ పురి

స్పిరిట్‌లో పెన్సిల్ రాత చెరగదు. నమూనాల సీసాల్లో వేసే చీటీలు పెన్సిల్‌తోనే రాయాలని సిద్ధేశ్వర్ ప్రతి ఏడూ కొత్త పిల్లలకు చెబుతాడు. పెన్ను రాత వారంలో కరిగి నీలంగా తేలిపోతుంది, పెన్సిల్ రాత మాత్రం రాసినవాడు పోయాక కూడా ఉంటుంది అంటాడు. ఇంకో మాట కూడా చెబుతాడు. చీటీ తప్పని తర్వాత తేలినా తీసి పారేయకూడదు, కొత్త చీటీ రాసి దాని పక్కనే వేయాలి. అది పద్ధతి.

ఆ శనివారం కాలేజీకి ఇంకా ఎవరూ రాలేదు. జువాలజీ ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి అతను ఒక చిన్న సీసాను వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. లోపల చిటికెనవేలి గోరంత గుల్ల ఉంది. దాని ముందున్న చీటీ మీద ‘బోరంచ గుట్ట. సేకరణ: సిద్ధేశ్వర్’ అని ఉంది. సీసాను కొంచెం తిప్పితే, గుల్ల వెనక అద్దానికి అంటుకుని ఇంకో చీటీ కనిపిస్తుంది. అదీ అతని చేతిరాతే. ‘మొగులయ్య తెచ్చింది.’

ఆ రెండో చీటీని అతను పారేయలేదు. పద్ధతి తప్పలేదు. ముందు ఇంకొకటి పెట్టాడు, అంతే. ఈ రెండేళ్లలో సీసాను ఎప్పుడు తీసినా అతని వేళ్లు వాటంతట అవే దాన్ని వెనక చీటీ కనపడని వైపుకు తిప్పి పట్టుకునేవి.

రాత్రి వచ్చిన ఉత్తరం జేబులో ఫోన్‌లో ఉంది. అతని పరిశోధన పత్రాన్ని పరిశీలిస్తున్న పత్రిక సంపాదకుడు మర్యాదగానే రాశాడు. ఇది కొత్త జాతి నత్త అని ఒప్పుకోవడానికి చాలావరకు సిద్ధంగా ఉన్నామనీ, అయితే చచ్చిన గుల్ల ఒక్కటే సరిపోదనీ, అదే చోట బతికున్నవి కనీసం రెండు మూడు కనిపించాలనీ, అవి ఏ చెట్టు మీద, ఏ రాయి కింద ఉంటాయో రాయాలనీ అడిగాడు. గడువు సోమవారం సాయంత్రం. ఇలా పెంచి ఇచ్చిన గడువుల్లో ఇది మూడోది, చివరిది. ఆఖరున ఒక మెచ్చుకోలు ఉంది: ‘సేకరించిన క్షణంలోనే దీని ఎడమ తిరుగుడును రచయిత గుర్తించడం ప్రశంసనీయం.’

ఆ వాక్యం అతను రాత్రి నుంచి ఎన్నిసార్లు చదివాడో లెక్కలేదు.

నత్తగుల్లను మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే ఆ నోరు కుడిచేతి వైపు ఉంటుంది. దాదాపు అన్ని నత్తలకూ అంతే. దీనికి ఎడమవైపు ఉంది. గుల్ల మీద సన్నటి గోధుమరంగు గీతలు, నోటి అంచు మందం, ఇంకా నాలుగైదు తేడాలు లేకపోలేదు. కానీ అతని కన్ను ఆ తేడాల మీద పడిందే ఈ ఎడమ తిరుగుడు వల్ల. పద్దెనిమిదేళ్లుగా పుస్తకంలో ఉన్నదే చెబుతూ వచ్చిన అతనికి, పుస్తకంలో లేనిది ఒకటి తన చేతి మీదుగా లోకంలోకి పోబోతోంది.

తలుపు చప్పుడైంది. మొగులయ్య తాళాల గుత్తి, నీళ్ల బకెట్టు పట్టుకొని వచ్చాడు. యాభై అయిదు దాటిన మనిషి, ల్యాబ్ అటెండరు. సీసా సిద్ధేశ్వర్ చేతిలోనే ఉంది. అతను దాన్ని జేబులో వేసుకోబోయి, ఆ పని మరీ దొంగతనంలా ఉంటుందనిపించి బల్ల మీద పెట్టాడు.

“జల్దీ వచ్చినవ్ సార్ ఇయ్యాల.”

“పనుండె.”

మొగులయ్య బల్లలు తుడవడం మొదలుపెట్టాడు. ఇంతలో వరండాలోంచి ఒక గొంతు. రెండో సంవత్సరం దుర్గేశ్‌ది.

“ఓ ఎడమపురీ! గంట కొట్టవా ఏంది? పదైంది.”

“వస్తున్న, వస్తున్న.”

“ఏ చేత్తోని కొడ్తవ్, ఎడమదానితోనేనా?” అన్నాడు దుర్గేశ్. వరండాలో ముగ్గురు నలుగురు నవ్వారు. మొగులయ్య కూడా నవ్వినట్టు పెదాలు కదిపి, గుడ్డ భుజాన వేసుకొని వెళ్లాడు. కాసేపటికి గంట మోగింది.

సిద్ధేశ్వర్ బల్ల అంచు పట్టుకొని నిలబడ్డాడు. ఆ పేరు పెట్టింది అతనే.

రెండు వానాకాలాల కింద, ఇదే ల్యాబ్‌లో, నలభై మంది పిల్లల ముందు మొగులయ్య జేబులోంచి ఆ గుల్ల తీసి బల్ల మీద పెట్టాడు. “సార్, గిది ఉల్టా ఉన్నది. ఎడమ పురి,” అన్నాడు. వాళ్లది తాళ్లు పేనే ఇల్లు. కిత్తనార మట్టలు నానబెట్టి, బాది, నార తీసి ఎడ్లకు తలుగులు, పగ్గాలు పేనుతారు. బతికున్నవాటికి కట్టే తాడు కుడి పురి. పాడె కట్టే తాడు ఒక్కటే ఎడమ పురి. పురి తేడా ఆ ఇంట్లో చీకట్లో తడిమినా తెలుస్తుంది. సిద్ధేశ్వర్ గుల్లను చేతిలోకి తీసుకోనైనా లేదు. “నత్తలు కుడికే తిరుగుతయ్ మొగులయ్యా. ఎడమ పురి నీ పాడె తాడుకు. జర మాకు కట్టకు దాన్ని,” అన్నాడు. క్లాసు గొల్లుమంది. పిల్లలు తన మాటకు అంతగా నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు అతనికి బాగుంది. ఆ సాయంత్రం గుల్లను అలవాటు కొద్దీ సీసాలో వేసి, తెచ్చినవాడి పేరుతో చీటీ రాశాడు. మూడు రోజుల తర్వాత ఇంట్లో బొమ్మ గీయడానికి గుల్లను మొన పైకి పట్టుకున్నప్పుడు పెన్సిల్ ఆగిపోయింది. ఆ రాత్రే కొత్త చీటీ రాశాడు.

మొగులయ్య తిరిగొచ్చి బకెట్టు అందుకున్నాడు. ఇప్పుడు అడగకపోతే ఇంకెప్పుడూ అడగలేనని సిద్ధేశ్వర్‌కు అనిపించింది.

“మొగులయ్యా. అప్పుడొక గుల్ల తెచ్చినవ్ సూడు.”

“ఏ గుల్ల సార్?”

“అదే... గా తిరిగిన...” ఆ రెండు మాటలు అతని నోటికి రాలేదు. “ఉల్టా గుల్ల.”

మొగులయ్య తుడుస్తున్న చెయ్యి ఆగలేదు. “ఆఁ.”

“యాడ దొరికింది?”

“మా కిత్తనార కాడ. సిర్గాపూర్ తొవ్వల.”

“బోరంచ గుట్ట మీద గాదా?”

“గుట్ట మీద నాకేం పని సార్? ఆ రోజు బోరంచ నల్లపోచమ్మకు పోయొచ్చిన అని చెప్పిన. గుల్ల గక్కడ దొరికిందని చెప్పలే.”

రెండు వానాకాలాల్లో నాలుగుసార్లు సిద్ధేశ్వర్ ఆ గుట్టెక్కాడు. ప్రతి రాయీ తిరగేశాడు. దొరికినవన్నీ కుడికి తిరిగిన మామూలు నత్తలు.

“మరి ఇన్నొద్దులు చెప్పకపోతివి?”

మొగులయ్య గుడ్డ పిండాడు. మురికినీళ్లు బకెట్లో పడ్డాయి. “అడగలే గద సార్,” అన్నాడు. బకెట్టు పక్కకు జరిపి, “నువ్వు గుట్టెక్కుతున్నవని పిల్లలు చెప్పిండ్రు. ఇంకేమన్న పనిమీద పోతున్నవనుకున్న,” అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం సిద్ధేశ్వర్ వెతికాడు. దొరికితే తనకు కొంత సులువయ్యేది. దొరకలేదు.

“రేపు పొద్దుగాల వస్త. చూపిస్తవా?”

“రా సార్. ముసురు పట్టింది, మంచిగనే ఉంటయ్.”

*

ఆ సాయంత్రం ఇంటి వసారాలో అతని తల్లి భాగమ్మ ఎద్దు ముందు గడ్డి వేస్తోంది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది కన్నడమే అయినా భాగమ్మ రెండు భాషలనూ ఒకే ముద్దలో కలిపేస్తుంది.

“ఏనప్పా, ఇంకా ఆ బసవన హుళదే ఫికరా?” అంది. నత్తకు ఆమె మాట అది. ముందుకు చాచిన రెండు కొమ్ములతో బసవన్నలాగా మెల్లగా నడిచే పురుగు అని. చిన్నప్పుడు గోడ మీద నత్తను చూస్తే అతని చేత దండం పెట్టించేది.

“రేపు సిర్గాపూర్ తొవ్వల చూస్తనవ్వా. మొగులయ్య చూపిస్తనన్నడు.”

“తాళ్ల మొగులయ్యనా?” భాగమ్మ ఎద్దు మెడ కింద చెయ్యి పెట్టి తలుగు సర్దింది. అది నీలం రంగు నైలాన్ తాడు. ఎద్దు మెడ మీద వెంట్రుకలు ఊడి చర్మం ఎర్రగా కమిలింది.

“గిదేందవ్వా, గిట్ల కోసుకపోయింది?”

“నైలాన్ గదా, కోస్తది. నారది మెత్తగుంటుండె.”

“మరి మొగులయ్య దగ్గర తీసుకోరాదు?”

“అయ్యో, బేడప్పా, వద్దు,” అంది భాగమ్మ, గుంజకు అటువైపు ఎవరైనా వింటారన్నట్టు గొంతు తగ్గించి. “ఆయనను ఎడమపురి అంటరంట గదా. పాడె తాడు పేనే చెయ్యి. బసవన్న మెడల ఎట్ల కడ్తరు? రెండేండ్లాయె, మనోళ్లు ఎవ్వరు తెస్తలేరు.”

“అందరికీ ముందు కూడ తెల్సు గదా, పాడె తాడు ఆయనే పేనుతడని.”

“తెల్సు. పేరు లేకుండె గదా.”

అతను ఎద్దు మెడ మీద చెయ్యి వేశాడు. కమిలినచోట తగిలిందేమో, అది తల విదిలించి పక్కకు జరిగింది. తల్లి లోపలి నుంచి అన్నానికి పిలిచింది. రెండోసారి పిలిచేదాకా అతను కదల్లేదు. తను ఆ రోజు అన్న మాట నవ్వుతో పాటే గాలిలో కలిసిపోయిందనుకున్నాడు. అది నడుచుకుంటూ ఊళ్లు తిరిగి, తన ఇంటి గుంజ దాకా వచ్చి ఎద్దు మెడలో పడి ఉంది.

*

ఆదివారం పొద్దున సన్నటి తుంపర. మొగులయ్య ఇల్లు సిర్గాపూర్ రోడ్డు నుంచి మట్టిదారిలో కొంచెం లోపలికి ఉంది. చూరు కింద వరసగా మేకులకు తలుగులు వేలాడుతున్నాయి, పాతికకు పైనే. నార రంగు మారి కొన్ని నల్లబడ్డాయి. పక్కన గూట్లో విడిగా ఒక తాడు చుట్ట ఉంది. అది మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది. దగ్గరికి పోకుండానే దాని పురి ఎటో సిద్ధేశ్వర్‌కు తెలిసింది.

మొగులయ్య భార్య శంకరమ్మ చాయ్ తెచ్చి ఇచ్చింది. సారును పైనుంచి కిందికి చూసింది.

“నువ్వేనా సారూ, మా ఆయన పనిచేసే కాడ పెద్ద సారు?”

“ఆఁ.”

“అయితె నీకు ఎరుకే ఉంటది. ఆ కాలేజిల ఎవడో మా ఆయనకు పేరు పెట్టిండంట. ఎవడు సారూ వాడు? పోరగాడా?”

చాయ్ వేడిగా ఉంది. సిద్ధేశ్వర్ గ్లాసు కింద పెట్టలేదు. వేళ్లు కాలుతున్నా అలాగే పట్టుకున్నాడు.

“ఈయననడిగితె చెప్పడు,” అంది శంకరమ్మ. “ఎవడో మర్సిపోయిన అంటడు. గంత మర్సిపోయెటోడు గాదు. నా పెండ్లినాటి చీర రంగు చెప్తడు ఇప్పటికి. సూడు, ఆ తలుగులు. ఒక్కటి ముట్టెటోడు లేడు. సావైతె మాత్రం తెల్లారకముందే తలుపు కొడ్తరు.”

“ఇగ ఊకోవే,” అన్నాడు మొగులయ్య, కొడవలి నడుముకు దోపుకుంటూ. “సారుకు ఆలస్యమైతుంది. పా సార్.”

అది నేనేనమ్మా అనాలి. అతను గ్లాసు అరుగు మీద పెట్టి చెప్పులు వేసుకున్నాడు.

చేను గట్టు పొడవునా కిత్తనార మొక్కలు మనిషి నడుము ఎత్తున ముళ్ల మొనలతో నిలబడ్డాయి. మొగులయ్య ఒక మొక్క ముందు గొంతుక్కూర్చొని, అడుగున ఎండి వాలిన మట్టలను కొడవలి వెనకవైపుతో మెల్లగా పైకెత్తాడు. కింద తడి, మెత్తటి చీకటి. వేలితో లోపల తడిమాడు, చూడకుండానే. పేనేటప్పుడు నార పోగు వెతికే వేలు అది.

“గిదిగో.”

అరచేతిలో పెట్టి చూపించాడు. మొన పైకి, నోరు సిద్ధేశ్వర్ వైపు ఉండేలా పట్టుకున్నాడు. ఎవరూ నేర్పలేదు. ఏళ్ల తరబడి ల్యాబ్ వెనక నిలబడి విన్నాడు. నోరు ఎడమవైపు ఉంది. గుల్ల మీద గోధుమ గీతలు తడికి మెరుస్తున్నాయి.

ఒక గంటలో తొమ్మిది దొరికాయి. తొమ్మిదీ ఎడమకే. సిద్ధేశ్వర్ ఫోన్‌తో ఫొటోలు తీస్తూ, కొలతలు రాసుకుంటూ, మట్ట వెనక తేమ, మట్టి రంగు, అన్నీ ఆబగా అడుగుతున్నాడు. మొగులయ్య అన్నిటికీ జవాబు చెబుతున్నాడు. అవి ఎండాకాలం మట్ట మొదట్లో అతుక్కుని నిద్రపోతాయి. మొదటి వానకు కాదు, రెండో వానకు బయటికొస్తాయి. కోసిన మట్ట మీదికి రావు. ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాడు చెప్పే మాటలు. ఈ సంగతులు రాసిన పుస్తకం ఇంకా లేదు.

రెండిటిని డబ్బాలో వేసుకుని మిగతావి వాటి మట్టల కిందే వదిలారు. వదిలినవాటిలో ఒకటి మెల్లగా కొమ్ములు బయటపెట్టింది. ఇద్దరూ దాన్ని చూస్తూ కూర్చున్నారు. సిద్ధేశ్వర్‌కు గుండె నిండిపోయింది. ఇదే సమయమనీ, అంతా ఒక్క మాటతో సరిచేయొచ్చనీ అనిపించింది.

“మొగులయ్యా, దీనికి నీ పేరు పెడ్త. కొత్త జాతికి పేరు పెట్టే హక్కు నాదే. లోకమంత ఎప్పటికీ గదే పేరుతోని పిలుస్తరు.”

మొగులయ్య కొడవలి అంచుకు అంటిన జిగురును గడ్డితో తుడిచాడు. రెండువైపులా తుడిచాడు.

“ఇదివరకే ఒక పేరు పెట్టినవ్ గద సార్,” అన్నాడు.

తుంపర మట్టల మీద సన్నగా చప్పుడు చేస్తోంది. సిద్ధేశ్వర్ నత్తనే చూశాడు. మొగులయ్య మొహం వైపు చూసే ధైర్యం లేదు.

“ఇంకొకటెందుకు?” మొగులయ్య గొంతులో కోపం లేదు, అలసట ఉంది. “నా పేరు పురుగుకు పెడితె ఏమైతది? రేపటినుంచి పోరగాండ్లు నత్త వచ్చిందంటరు. మా అయ్య పెట్టిన పేరు నాది. గది నా కాడనే ఉండనియ్యి.”

“మరి నన్నేం చెయ్యమంటవ్?”

అడిగాక ఆ ప్రశ్నకే సిగ్గేసింది. అందులో కూడా పని మొగులయ్యకే అప్పగించాడు.

నత్త మట్ట అంచు దాకా పాకి ఆగింది.

“ఎడమ పురి అన్నది దాని పేరు సార్. నేను దాన్ని చూసే అన్న. నువ్వు తెచ్చి నాకు తగిలిచ్చినవ్. దానిది దానికియ్యి. నాది నాకియ్యి.”

లేచి, మోకాళ్లు దులుపుకుని, కోసిన మట్టల మోపు నెత్తికెత్తుకున్నాడు. సిద్ధేశ్వర్ ఒక చెయ్యి వేయబోయాడు. మోపు అప్పటికే నిలిచింది.

*

ఆ మధ్యాహ్నమంతా అతను పత్రం దిద్దాడు. జాతి పేరు మార్చాడు, తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి. చోటు మార్చాడు. సేకరించినవారు అన్న చోట మొగులయ్య పేరు రాశాడు. ‘ఎడమ తిరుగుడును సేకరించిన క్షణంలోనే రచయిత గుర్తించాడు’ అన్న వాక్యాన్ని కొట్టేసి, తాళ్లు పేనే మొగులయ్య గుర్తించాడని రాశాడు. రాసి చదువుకుంటే పత్రం శుభ్రంగా ఉంది, అందులో అబద్ధం లేదు. దాన్ని ఎక్కడ చదివినా సిద్ధేశ్వర్ ఒక నిజాయితీపరుడిలా కనిపిస్తాడు. అదే అతనికి మింగుడు పడలేదు. పత్రంలో ఆ నవ్వుకు చోటు లేదు. నలభై మంది నవ్విన నవ్వును ఏ శీర్షిక కింద రాస్తారు?

మర్నాడు పొద్దున్నే ల్యాబ్‌లో సీసా మూత తీసి పట్టకారుతో వెనక చీటీని ముందుకు తెచ్చాడు. ముందున్నదాన్ని వెనక్కి పంపాడు. రెండూ ఉండాలి.

సోమవారం రెండో గంట క్లాసు రెండో సంవత్సరం వాళ్లది. మొగులయ్య నత్తల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, వెనక అలమర దగ్గరికి పోయి సీసాలు తుడుస్తున్నాడు. సిద్ధేశ్వర్ ఆ రోజు సంగతి చెబుదామనే నోరు తెరిచాడు. నత్తల శరీర నిర్మాణం మొదలుపెట్టాడు. పాదం, నాలుక, గుల్ల పొరలు. చెబుతూనే తనను తాను వింటున్నాడు. ముప్పావు గంట గడిచింది. గోడ గడియారం చూసి మొగులయ్య గుడ్డ భుజాన వేసుకుని గంట కొట్టడానికి బయటికి నడిచాడు.

అతని అడుగుల చప్పుడు వరండా మలుపు తిరిగాక సిద్ధేశ్వర్ అన్నాడు, “ఆగండి. ఒక సంగతి చెప్పాలె.”

చెప్పాడు. ఎక్కడా మెత్తబరచలేదు. ఎవరు తెచ్చారో, ఎవరు గుర్తుపట్టారో, తను చూడకుండానే ఏమన్నాడో, ఎందుకన్నాడో, తర్వాత చీటీ ఎలా మార్చాడో. ముందు వరసలో ఒకరిద్దరు నవ్వబోయి ఆగారు. ఈ పిల్లల్లో ఒక్కరు కూడా ఆ రోజు క్లాసులో లేరు. ఆ పేరు వాళ్లకు పైతరగతి వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది, బెంచీల మీద చెక్కిన పేర్లు వచ్చినట్టు.

“ఆయనకు ఎడమచెయ్యి వాటం గావచ్చనుకున్నం సార్,” అన్నాడు దుర్గేశ్, తల వంచుకుని.

కిటికీ పక్కన కూర్చున్న సుహాసిని అనే అమ్మాయి లేచి నిలబడింది. “సార్, చేతిలకు తీసుకుని చూస్తే అయిపోతుండె గద సార్? ఒక్క నిమిషం.”

“అయిపోతుండె.”

“మరెందుకు చూడలే?”

ఆమె దబాయించడం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. అతని దగ్గర జవాబు ఉంది. తెచ్చినవాడు మొగులయ్య కాబట్టి. అది నోటితో అనడానికి ప్రయత్నించాడు. గంట మోగింది. ఒక్క పిల్లవాడూ లేవలేదు.

గంట ఆగాక అతను జేబులో మడిచి పెట్టుకున్న కాగితం విప్పాడు. “దీని పేరు చదువుత,” అన్నాడు. గొంతు సరిచేసుకుని, పిల్లలందరికీ వినబడేలా, “ఎడమపురి,” అని చదివాడు.

“ఆఁ సార్, వచ్చిన,” అంది తలుపు దగ్గర గొంతు.

మొగులయ్య గడప మీద నిలబడి ఉన్నాడు, గంట కొట్టే సుత్తి చేతిలోనే ఉంది. ఏం పనో చెప్పమన్నట్టు చూస్తున్నాడు. ల్యాబ్‌లో ఒక్కరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దంలో, తను ఎందుకు పలికాడో ముందు మొగులయ్యకే తెలిసింది. అతని మొహం మెల్లగా, లోపలికి ముడుచుకుంది.

సిద్ధేశ్వర్ కాగితం బల్ల మీద పెట్టాడు. ఇందాక చెప్పిందంతా, మొగులయ్య లేనప్పుడు చెప్పిందంతా, చెప్పనట్టేనని అతనికి అర్థమైంది.

“నిన్ను గాదు మొగులయ్యా,” అన్నాడు. “లోపలికి రా. ఇట్ల ముందుకు రా, కూసో.”

తన కుర్చీ వెనక్కి లాగాడు. మొగులయ్య కూర్చోలేదు, వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. సిద్ధేశ్వర్ డబ్బాలోంచి నత్తను తీసి, మొన పైకి, నోరు పిల్లల వైపు పట్టుకుని, ఆ రోజు సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.